పై మూడు వరసలు

ఉల్కాన్ వదిన రెండు గళ్ళ చెక్క అచ్చును నీళ్ళ తొట్టిలో ముంచి తీసింది. లోపల సన్నటి ఇసుక చల్లి, రెండు చేతులా అడుసు ఎత్తి అచ్చులోకి విసిరింది. అది పడిన చప్పుడును బట్టే నీళ్ళు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో ఆమెకు తెలుస్తుంది. బొటనవేళ్ళతో మూలమూలా కూరింది. ఇటుక చెడితే ముందు మూలలోనే చెడుతుందన్నది అత్తగారు ఆమెకు నేర్పిన మొదటి మాట. తడి అరచేత్తో పైన ఒక్కసారి రాసి, అచ్చును నిటారుగా పైకి లాగింది. నేలమీద రెండు ఇటుకలు మిగిలాయి, అంచులు కత్తితో కోసినట్టు.

“చూశావా కుబాత్,” అంది తల తిప్పకుండానే. “ఊపితే వంకర పోతుంది. లాగాలి. నీకు ఇనప గొట్టాలు అతకడం తప్ప ఏం తెలుసని.”

నేను వెల్డింగ్ పని చేస్తాను. మా ఊళ్ళో ఇప్పుడు సమాధులమీద గొట్టాలు వంచి గుడారం ఆకారంలో చట్రాలు పెట్టించుకుంటున్నారు. అవి చేసేది నేనే. వదిన వాటిని కోళ్ళగూళ్ళు అంటుంది. నేను సమాధుల దిబ్బమీంచి సామాను మోసుకుని దిగుతుంటే, “ఇవాళ ఏ కోడిని మూసి వచ్చావు?” అని అడుగుతుంది. ఆమె మొగుడికి నేను చిన్నాన్న కొడుకుని. వదినా మరుదుల మధ్య ఆ మాత్రం చనువు ఉంటుంది.

ఆ జూన్ నెలలో ఆమె చేస్తున్న ఇటుకలు మొగుడి సమాధికి. ఒముర్జాక్ అన్న కిందటి అక్టోబరులో కొండమీద, ఊరివాళ్ళ గొర్రెల మధ్య కూలబడి పోయాడు. ఏడాది తిరిగి సంవత్సరీకం పెట్టేలోగా సమాధిమీద గుమ్మటం లేవాలి. పచ్చి ఇటుకతో గుమ్మటం కట్టడం తెలిసినవాడు మా లోయలో అన్న ఒక్కడే. ఇక మిగిలింది నేను. ఆయన కడుతుంటే కింద నిలబడి ఇటుకలు అందించినవాణ్ణి, అంతకుమించి ఏమీ కాను. అదే చెప్పాను. ఇనప చట్రం అయితే నాలుగు రోజుల్లో నిలబెడతానన్నాను.

“ఇనుము వద్దు. మంచి ఇటుకతో కట్టాలి. అది నిలబడితే జనం చూస్తారు,” అంది.

ఏం చూస్తారో నాకు తెలుసు, ఊరికీ తెలుసు. పన్నెండేళ్ళ కిందట అన్న తన కూతురు మైరాంకి కట్టిన గుమ్మటం మొదటి వసంతానికే పెచ్చులూడింది. మూడో ఏటికి నడినెత్తిన కన్నం పడింది. మా దగ్గర కూలుతున్న సమాధిని బాగుచెయ్యరు. మట్టి వెనక్కి వెళ్తానంటే వెళ్ళనివ్వాలి, అడ్డంపడితే ఇంట్లోంచి ఇంకొకరిని అడుగుతుందంటారు. కాబట్టి గుమ్మటం చెడితే మేస్త్రీకి సర్దుకునే వీలుండదు. అది కూలినంతకాలమూ కూలుతూనే ఉంటుంది, దిబ్బమీదికి వచ్చినవాడల్లా చూస్తూనే ఉంటాడు. మా పెద్దల్లో పెద్దవాడు బెక్తెన్ తాత ఒకరోజు దాన్ని చూసి, “ఒముర్జాక్ చెయ్యి పోయింది. సొంత కూతురి గుమ్మటమే నిలబెట్టలేనివాడు మనకేం నిలబెడతాడు,” అన్నాడు. ఆ మాట లోయ దాటింది. రెండేళ్ళలో అన్నని పనికి పిలిచేవాళ్ళు లేకపోయారు. తాపీ గూట్లో పెట్టి, కర్ర పట్టుకుని ఊరి గొర్రెలు తోలాడు.

ఆ పేరే వదిన మళ్ళీ నిలబెట్టాలనుకుంది. ఆ వేసవి ఆమెకు వేరే కోరిక లేదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఉల్కాన్ వదిన బతుకంతా ఆ రెండు పనులే. పద్దెనిమిదో ఏట కోడలిగా వచ్చిన మూడోరోజు అత్తగారు ఆమె చేత చెప్పులు విప్పించి అడుసు గుంటలో దింపింది. ఏటిగట్టు మన్ను కొట్టుకొచ్చి, రాత్రంతా నానబెట్టి, గోధుమగడ్డి ముక్కలు కలిపి, మడమతో తొక్కాలి. వేళ్ళతో తొక్కితే పైపైన కలుస్తుంది, లోపల ఉండలు మిగులుతాయి. సర్కారు వ్యవసాయ క్షేత్రం ఉన్న రోజుల్లో గొర్రెల కొట్టాలకి ఆమె ఇటుకలే. అది మూతబడ్డాక, మనుషులు పోయినప్పుడల్లా ఆమె ఇటుకలే. ఆమె పాదాలు చూసి పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు తివాచీమీద కూర్చోనిచ్చేవాళ్ళు కారని నవ్వుతూ చెప్పేది. పగుళ్ళలో మన్ను పుట్టుమచ్చలా దిగిపోయి ఉండేది.

ఇంత చేసినా ఆమె ఏ గుమ్మటాన్నీ దగ్గర నిలబడి చూడలేదు. మా దిబ్బమీదికి ఆడవాళ్ళు ఎక్కరు. శవం వెంట వెళ్ళేది మగవాళ్ళే. ఆడవాళ్ళు ఇంట్లో గోడకేసి తిరిగి కూర్చుని శోకాలు తియ్యాలి. వదిన చేసిన ఇటుకలు బండిలో దిబ్బ కంచె దాకా వెళ్ళేవి, ఆమె అక్కడ ఆగేది. చనిపోయినవాళ్ళకి నూనె వాసన చేరాలని గురువారం గురువారం పిండిముక్కలు వేయిస్తాం కదా, ఆ వాసన ఎలా వెళ్తుందో తన ఇటుకలూ అలాగే వెళ్తాయనేది. తాను వెళ్ళదు.

జూలై అంతా చేసింది. మూడు రోజులు పడుకోబెట్టి ఆరబెట్టడం, తర్వాత నిలబెట్టడం, తర్వాత గాలి ఆడేలా సందులు వదిలి పేర్చడం. వయసు అరవై మూడు. నడుము పట్టేస్తే గోడకి వీపు ఆనించి కాసేపు నిలబడి మళ్ళీ వంగేది. నేను తొక్కుతానంటే ఒప్పుకోలేదు. నీ కాళ్ళకి ఇనప తుప్పు ఉంటుంది పొమ్మంది.

ఆగస్టులో పరీక్ష మొదలుపెట్టింది. రెండు ఇటుకలు చేతుల్లోకి తీసుకుని ఒకదానికొకటి తగిలిస్తుంది. లోపల దాకా ఎండినది ఖంగుమంటుంది. చెమ్మ ఉన్నది మొద్దుగా, కడుపులో గుద్దినట్టు మోగుతుంది. అలాంటి ఇటుకని మంచు పట్టుకుంటే లోపలి నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, వసంతంలో కరిగినప్పుడు ఇటుక పొడి అయిపోతుంది. పన్నెండేళ్ళ కింద ఆమె ఇలా ఒక్కో ఇటుకనీ వినడం నేను చూడలేదు. ఈసారి ఏ ఒక్కదాన్నీ వదల్లేదు. నేను పక్కన కూర్చుని ఆమె ‘ఊఁ’ అన్నవి బండిలో పేరుస్తున్నాను.

ఒక మధ్యాహ్నం చేతిలో ఇటుకలు అలాగే పట్టుకుని ఆగిపోయింది.

“మైరాం గుమ్మటంలో పై మూడు వరసలు గుర్తున్నాయా నీకు?”

ఉన్నాయన్నాను.

“అవి మా అన్నవాళ్ళ ఊరినుంచి తెచ్చిన ఎండాకాలపు ఇటుకలని చెప్పాను ఆయనకి. అబద్ధం.”

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. మైరాంకి పందొమ్మిదేళ్ళు. అక్టోబరు చివర ఊపిరితిత్తులకి జబ్బు చేసి ఆరు రోజుల్లో పోయింది. వసంతం దాకా ఆగుదామన్నాడు అన్న, ఉన్న ఇటుకలు చాలవు, ఇటుకలు చేసే కాలమూ దాటిపోయింది. వదిన ఆగలేకపోయింది. మంచు కురిసేనాటికి పిల్లమీద ఒట్టి మట్టిగుట్ట ఉంటుందన్న తలపు ఆమెను పడుకోనివ్వలేదు. రోజూ పోరింది. సరే, గోడలు లేపుతానని అన్న దిబ్బమీదికి వెళ్ళాడు. ఆమె పక్క ఊళ్ళో తన పుట్టింటి అన్నగారి దగ్గరికి వెళ్ళి, గడ్డి కొట్టంలో పొయ్యి రాజేసి, ఆ చలిలో పై వరసలకి కావలసిన ఇటుకలు చేసింది. పొయ్యి చుట్టూ పేర్చి ఆరబెట్టింది. పైకి తెల్లగా ఎండాయి. లోపల ఎండలేదని ఆమెకు తెలుసు. ఎండుతాయిలే అని తనకు తానే చెప్పుకుంది.

“పుట్టెడు దుఃఖంలో ఉన్నాడు, చూసుకోలేదు. నన్ను నమ్మాడు,” అంది. “తర్వాత పెచ్చులూడినప్పుడు చెబుదామనుకున్నాను. చెబితే, నీ కూతురి గుమ్మటాన్నీ నీ పేరునీ రెంటినీ నేనే ముంచానని చెప్పినట్టు. ఇవాళ, రేపు అనుకుంటూ పన్నెండేళ్ళు గడిచాయి. ఆయనకి తెలియకుండానే పోయాడు. అదొక్కటే నయం.”

 ఆ నవంబరులో నిచ్చెన కింద నిలబడి ఇటుకలు అందించింది నేనే. ఎవరితోనూ అననని అన్నకి మాటిచ్చాను. కానీ ఆయన పోయాడు, ఈమె నా ఎదురుగా కూర్చుని తప్పుగా ఓదార్చుకుంటోంది. ఇప్పుడు మాట దాటడం తప్పో ఒప్పో నాకు ఇవాళ్టికీ తెలియదు.

“ఆయనకి తెలుసు వదినా,” అన్నాను.

ఆమె నావైపు తిరిగింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొదటి రెండు ఇటుకలు అందించగానే అన్న అలవాటుగా తగిలించి చూశాడు. మొద్దుగా మోగాయి. ఇంకో జత అడిగాడు. అవీ అంతే. వీటిలో చెమ్మ ఉందని నేను కిందినుంచి అన్నాను. ఆయన చాలాసేపు కంచెకేసి చూశాడు. బండి పక్కన వదిన నిలబడి ఉంది, ఇంకా దించుతూనే ఉంది. “అందించు,” అన్నాడు. “ఈ మాట నీ నోటెంట ఎక్కడా రాకూడదు.” ఆ తర్వాత ఒక్క ఇటుకనీ తగిలించి చూడలేదు.

వదిన చేతుల్లో రెండు ఇటుకలూ అలాగే ఉన్నాయి.

“తిట్టాడా?” అని అడిగింది.

“లేదు.”

“తిట్టాల్సింది,” అంది. చేతిలో ఇటుకలు తగిలించింది. ఖంగుమన్నాయి. ‘ఊఁ’ అనలేదు. నేనే తీసుకుని బండిలో పెట్టాను.

ఆ రోజునుంచి కోళ్ళగూళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను తుప్పు కాళ్ళతో అడుసులో దిగినా ఏమీ అనలేదు. కానీ పని ఆపలేదు. పైగా ఇంకా గట్టిగా చేసింది.

సెప్టెంబరులో కట్టడం మొదలుపెట్టాను. నాలుగు గోడలు కష్టం కాదు. గుమ్మటం దగ్గరే వచ్చింది. కింద చెక్క ఆసరా ఉండదు. నేలలో మధ్యన మేకు కొట్టి, దానికి పురికొస కట్టి, ఆ కొస కొలతకే ప్రతి ఇటుకా పెట్టాలి. ప్రతి వరసా కొంచెం లోపలికి వాలాలి. వరస గుండ్రంగా పూర్తయ్యేదాకా ఏ ఇటుకైనా జారుతుంది, పూర్తయితే ఏదీ జారదు. అన్న ఇదంతా ఎప్పుడూ నోటితో చెప్పలేదు. అప్పుడప్పుడు ఒక ఇటుక పెట్టనిచ్చి, తప్పు పెడితే తాపీ పిడితో మణికట్టుమీద కొట్టేవాడు. ఆ దెబ్బలు గుర్తు తెచ్చుకుంటూ కట్టాను. రెండుసార్లు నాలుగో వరస నామీదే కూలింది. పడినా ఆ ఇటుకలు మూల విరగలేదు. నేను కట్టిన వంకర వరసని కూడా ఆ ఇటుకలే మోశాయి. చివరి కన్నం మూసి నిచ్చెన దిగాను. పక్కనే మైరాం గుమ్మటం సగానికి కూలి, లోపల గడ్డి మొలిచి ఉంది.

సంవత్సరీకానికి మూడు ఊళ్ళవాళ్ళు వచ్చారు. ఆనవాయితీగా విందుకి గుర్రాన్ని కోశారు. పొద్దున మగవాళ్ళు దిబ్బ ఎక్కి గుమ్మటం చుట్టూ తిరిగి, అరచేత్తో గోడ తట్టి చూశారు. పైపూత ఇంకా వెయ్యలేదు, అయినా అందరికీ నచ్చింది. బెక్తెన్ తాత నా భుజం మీద చెయ్యి వేసి, ఒముర్జాక్‌కి ఇంత చేతనైతే కూతురిది కూలేది కాదు కదా అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నాకు అప్పుడు తట్టింది, మేం చేసిన పని ఎటు పోయిందో. గుమ్మటం నిలబడితే శిష్యుడు గురువుని మించాడంటారు. కూలి ఉంటే గురువుకి నేర్పడం కూడా రాలేదనేవాళ్ళు. వదిన వేసవంతా చేసిన ఇటుకలు అన్న పేరుమీద ఇంకో పెళ్ళ మట్టి వేశాయి.

ఆమెకి నేను చెప్పలేదు. కానీ భోజనాల గుడారంలో ఆ మాటే పది నోళ్ళలో తిరిగి ఆమె చెవిన పడింది. పాలు కలిపిన టీ పోస్తున్నదల్లా కెటిల్ కింద పెట్టి, మగవాళ్ళ వరస ముందుకి వచ్చి నిలబడింది. మా వాళ్ళలో విధవ అలా రాదు. 

“ఒక మాట చెప్పాలి,” అంది. “మైరాం గుమ్మటం కూలింది ఆయన చెయ్యి పోయి కాదు. పై మూడు వరసలూ నేను చలికాలంలో చేసిన ఇటుకలు. లోపల ఎండలేదు. ఎండాకాలపువని అబద్ధం చెప్పి ఇచ్చాను.”

బెక్తెన్ తాత చేతిలో గిన్నె కింద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“కూర్చో తల్లీ,” అన్నాడు. “ఇల్లాలంటే నీలా ఉండాలి. పోయినవాడి తప్పు కూడా నీ నెత్తిన వేసుకుంటున్నావు.”

ఆడవాళ్ళలో ఎవరో వెక్కారు. ఇలాంటి పెళ్ళాం ఎందరికి దొరుకుతుందని ఇంకొకరు అన్నారు. నేను లేచి, ఇది నిజమనీ, ఆ రోజు చెమ్మ ఉందని అన్నది నేనేననీ చెప్పాను.

“నువ్వూ మంచివాడివే కుబాత్. గురువుని మించినవాడికి ఆ మాత్రం వినయం ఉండాలి,” అన్నాడు తాత. “సరే, నీ మాటే నిజం అనుకుందాం. ఇటుక మోత వినడం ఒముర్జాక్‌కి రాదా?”

“వచ్చు,” అంది వదిన. “విన్నాడు. తెలిసే పెట్టాడు.”

“తెలిసి తెలిసి కన్నకూతురిమీద చెమ్మ ఇటుక పెట్టేవాడు ఎవడమ్మా?”

 దానికి జవాబు ఆ గుడారంలో చెప్పగలిగేది కాదు.  ఆమె కెటిల్ తీసుకుని, ఆపిన చోటినుంచి మళ్ళీ టీ పోసుకుంటూ వెళ్ళింది. బెక్తెన్ తాత గిన్నె కూడా నింపింది.

మర్నాడు పూత పని మిగిలింది. జల్లెడ పట్టిన మన్ను, పొట్టు, మేకవెంట్రుకలు కలిపి వదిన తెల్లవారకముందే అడుసు తయారుచేసింది. తోపుడు బండిలో కంచె దాకా తెచ్చి, పారని నేలమీద పెట్టింది. సమాధి పనిలో పారని మేము చేతికి చెయ్యి అందించుకోం. ఒకరు కింద పెడతారు, ఇంకొకరు వంగి తీసుకుంటారు. నేను వంగి తీసుకున్నాను. రోజంతా ఆమె కంచె అవతల రాయిమీద కూర్చుంది. నేను కిందినుంచి పైకి రాసుకుంటూ వెళ్ళాను. తడి అరచేత్తో నున్నగా, ఆమె ఇటుకమీద రాసినట్టే. పొద్దు వాలేసరికి గుమ్మటం పూర్తయింది, ఒక్క అతుకు కనబడలేదు.

బండిలో ఇంకా సగం అడుసు ఉంది.

ఉల్కాన్ వదిన కొలత తప్పే మనిషి కాదు. నలభై అయిదేళ్ళలో ఒక్క బుట్ట మన్ను ఎక్కువ కలపడం నేను చూడలేదు. నేను ఆ అడుసుని చూశాను, పక్కనున్న మైరాం గుమ్మటాన్ని చూశాను. ఇంకో గంట వెలుగుంది. ఆమె రాయిమీంచి లేచి కంచె పట్టుకుని నిలబడింది.

“మిగిలిందా?” అని అడిగింది.

“మిగిలింది వదినా.”

ఆమె అటే చూస్తోంది. నేను కదల్లేదు. ఆమె చెయ్యమంటే చేసేవాణ్ణేమో. కింద దారిలో బెక్తెన్ తాత, ముల్లా ఇద్దరూ పని చూడడానికి వస్తున్నారు.

“దారిమీద పోసెయ్,” అంది.

పోశాను. గుంటలు లేకుండా కాలితో సమంగా తొక్కాను. పెద్దలు వచ్చారు. ముల్లా ప్రార్థన చదివాడు. తాత గుమ్మటం చుట్టూ ఒకసారి తిరిగి, అరచేతులు ముఖానికి తుడుచుకుని, పని ముగిసిందని, ఇక ఇది దిబ్బదని అన్నాడు. నేను బండీ పారా ఏటి నీళ్ళతో కడిగి, కంచె దగ్గరికి తెచ్చి, పారని నేలమీద పెట్టాను. వదిన వంగి తీసుకుంది.